లోకొంగు చీర మీది రెండు గీతలు

పొద్దున్నే కాఫీ తాగుతూ ఉంటే ఫోన్ మోగి ఆగింది. మా తమ్ముడి కూతురు ఒక ఫొటో, దాని కింద నాలుగు వాక్యాలు పంపింది.

"అత్తా, కొత్త షోరూమ్‌లో గోడంతా వచ్చేలా బోర్డు పెడుతున్నాం. ఏజెన్సీవాళ్ళు రాసిచ్చారు. నువ్వు పేపర్లో పనిచేశావు కదా, తప్పులుంటే దిద్ది పంపు. సాయంత్రం ప్రింటుకి పోవాలి."

ఏజెన్సీవాళ్ళంటే మా కొండల మీది వాళ్ళు కాబోలనుకుని సంతోషపడ్డాను. కాదట. ప్రకటనలు తయారుచేసే కంపెనీ అట.

ఫొటోలో మా మేనత్త ఉంది. ముసలితనంలో, కళ్ళజోడు ముక్కు మీదికి జారి, ఎవరినో కోప్పడబోతున్నట్టు ఉంది. కింద "వ్యవస్థాపకురాలు" అని రాశారు. వాక్యాలు ఇవి: "మా లోకొంగు చీర శతాబ్దాల గిరిజన వారసత్వం. పూల పట్టీకి అటూ ఇటూ ఉన్న రెండు ఎర్ర గీతలు కొండకూ గెడ్డకూ ప్రతీకలు."

అక్షరదోషం ఒక్కటీ లేదు. కానీ నలభై ఏళ్ళు పత్రిక డెస్క్‌లో కూర్చుని ఇతరులు రాసింది దిద్దినదాన్ని. "శతాబ్దాల" అన్న మాట కనబడితే చెయ్యి ఆగుతుంది. ఎవరు చెప్పారు, ఎవరు చూశారు అని అడగబుద్ధి అవుతుంది. ఆ గీతలు పుట్టినప్పుడు చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. అవి కొండ మీదా పుట్టలేదు, గెడ్డలోనూ, అంటే కొండవాగులోనూ, పుట్టలేదు. మా ఇంటి వరండాలో, మా అమ్మ చేతిమిషను సూది కింద పుట్టాయి.

నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. తమ్ముడు ఇంకా పాకుతున్నాడు. నాన్న అరకు దగ్గర కాఫీ తోటల ఆఫీసులో గుమస్తా. మాకో రేకుల క్వార్టరు ఇచ్చారు. వాన పడితే లోపల ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. పొద్దున్న లేస్తే తడి కట్టెల పొగ, పక్క షెడ్డులో గోనెసంచుల్లోంచి పసుపు వాసన. వేసవి మొదట్లో ఒక్క వాన కురిస్తే చాలు, వారం తిరిగేసరికి కాఫీ మొక్కలన్నీ తెల్లగా పూసేవి. అచ్చం మల్లెపూల వాసన. జడలో పెట్టుకుందామని కోసుకొస్తే నాన్న లబోదిబోమనేవాడు.

"అది పువ్వు కాదే గుంటా, గవర్నమెంటోరి గింజ!"

పువ్వు గింజ ఎలా అవుతుందో అర్థంకాక ఒక కొమ్మకి దారం కట్టి రోజూ వెళ్ళి చూసేదాన్ని. అప్పటికి నా వృత్తి అదే, అన్నింటినీ వెళ్ళి చూడటం.

ఆ ఏడాది చలి వెనక్కి తగ్గుతుండగా మా అత్త వచ్చింది. నాన్నకి అక్క. నాన్న ఆవిణ్ణి "అప్పా" అనేవాడు. కింద మైదానంలో ఆవిణ్ణి ఇచ్చిన ఇంట్లో ఆవిడ భర్త ఇంకొకామెను తెచ్చుకుని, ఇద్దరూ సర్దుకోండి అన్నాడట. అత్త సర్దుకుంది, తన ట్రంకుపెట్టెని. తిన్నగా స్టేషనుకి వచ్చి కొండ మీదికి వచ్చే పాసింజరు ఎక్కేసింది.

గుమ్మంలో పెట్టె దించి ఆవిడన్న మొదటి మాట నాకిప్పటికీ గుర్తు.

"ఎన్ని సొరంగాలే బాబూ! సీకటైన పెతిసారీ ఆడి మొకం గుర్తొచ్చింది. ఎలుతురొచ్చినపుడల్లా మర్సిపోనాను. అరకు వచ్చేతలికి సొరంగాలూ అయిపోనాయి, మొగుడూ అయిపోనాడు. ఒలే మరదలా, కుంత టీ పెట్టు."

అమ్మ టీ పెట్టింది. ఏం జరిగిందని అడగలేదు. మా అమ్మకి మాట పొదుపు. ఇంట్లో ఉప్పు నిండుకున్నా చెప్పేది కాదు. కూర చప్పగా ఉందని నాన్న అంటే, "ఉప్పు నేదు" అనేది. ముందే చెప్పొచ్చు కదా అంటే, "అడిగితే కదా" అనేది. అత్త అడక్కుండానే అన్నీ చెప్పేది. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుంటే రేడియో పక్కన రోలు పెట్టినట్టుండేది.

రెండు వారాలు అత్త నాతో సంతలన్నీ తిరిగింది. అరకు సంత, డుంబ్రిగుడ సంత, ఒకసారి జీపు వెనక వేలాడుతూ హుకుంపేట దాకా. చింతపండు గుట్టలు, అల్లం, పిప్పళ్ళు, అడ్డాకుల కట్టలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. అత్త వాటిని చూసేది కాదు. గుడ్డలమ్మే కొట్ల దగ్గరే నిలబడిపోయేది. ఇంటికొచ్చి తేల్చేసింది.

"ఇన్ని సంతలున్నాయి, సీరలమ్మే ఆడమనిసి ఒక్కర్తీ నేదు. అందరూ మగోలే. ఆడది కట్టుకునే గుడ్డ మగోడి సేతిలోంచి ఎందుకు తీసుకోవాల? నాను అమ్ముతాను. నా మరదలు లంగాలూ రవికలూ కుడతాది."

నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు. లోపలికెళ్ళి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న చేతిమిషను మీది గుడ్డ తీసి, దుమ్ము తుడిచి, నూనె చుక్కలు వేసింది. ఒప్పుకుందని అలా తెలిసింది.

అత్త చిన్ననాటి స్నేహితురాలు ఒకామె కింద నేతగాళ్ళ ఊళ్ళో ఉండేది. అత్త ఉత్తరం రాస్తే ఆమె ముప్పై చీరల మూట రైల్లో పంపింది. విప్పగానే గది నిండా గంజి వాసన. ఆకుపచ్చవి, పసుపువి, ముదురు ఎరుపువి. ఒక్కో చీర చివర మూరన్నర మేర కొంగు నిండా పూలే, గంజి పెట్టి పలకలా ఇస్త్రీ చేసి. అత్త ఒక కొంగు భుజం మీద వేసుకుని వీపు అద్దంవైపు తిప్పి, మెడ విరుచుకుని చూసుకుంది.

"కొంగు సూసి పడిపోవాల ఎవులైనా."

ఎవరూ పడిపోలేదు.

మొదటి సంతలో గోనెపట్టా పరిచి, చీరల కొంగులన్నీ బయటికి కనబడేలా వేసి కూర్చున్నాం. కొండమీది ఆడవాళ్ళు గుంపులుగా వచ్చారు. మెళ్ళో పూసలు, ముక్కుకి అటూ ఇటూ పుడకలు, మోకాళ్ళ దాకా చీర, భుజం మీద ముడి. వాళ్ళు చీర పట్టుకుని వాసన చూశారు. గంజి బిరుసుని గోటితో గీరి నవ్వుకున్నారు. కొంగు పూలని అలా ఒకసారి తడిమి, చీరని బారలుబారలుగా లాగి నడిమి భాగం చూడబోయారు.

"అక్కడేటుందే వట్టిది! ఇటు సూడండి, కొంగు, కొంగు!" అని అత్త అరిచేది.

వాళ్ళు కొంగు కొస పట్టుకుని ముడివేసి చూసేవారు. ముడి జారి విడిపోయేది. ఇంకోసారి గట్టిగా వేసేవారు. అత్తకి ఒళ్ళు మండేది.

"ఓలమ్మోలమ్మ! కొత్త సీరకి ముడులెడతారేటి! ఒగ్గేయండి!"

వదిలేసి వెళ్ళిపోయేవారు. సాయంత్రం ఇంటికి తెచ్చిన చీరలకు ముడులు ఉండేవి. అమ్మ దీపం పెట్టకముందే వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ విప్పి, ముడతలు చేత్తో సాపుచేసి మడతపెట్టేది. నాలుగు సంతలు అలాగే గడిచాయి. అమ్మ కుట్టిన చిన్నపిల్లల గౌన్లు మాత్రం నాలుగైదు పోయాయి. మూట మూటలాగే ఉంది.

ఈలోగా అత్త బావగారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అంటే అత్త భర్తకి అన్న. కొండమీద చైత్ర పండగ అవగానే తానే స్వయంగా వచ్చి అత్తని తీసుకెళ్తానని, ఇంటి పరువు సంతలో పెట్టొద్దని రాశాడు. నాన్న ఆ కార్డు రెండుసార్లు చదివాడు. చెడ్డవాడు కాదు నాన్న. నలుగురూ ఏమనుకుంటారోనని భయం, అంతే.

"అప్పా, నా మాట ఇను. పండగలోగా ఈ మూట ఖాళీ అయిందనుకో, నువ్విక్కడే ఉండు, నీ యాపారం నువ్వు సేసుకో, బావగారికి నాను సెప్తాను. అవనేదనుకో, నువ్వు బయల్దేరాల."

"ఎక్కడికి? ఆ రెండోదాని గిన్నెలు తోమడానికా?"

నాన్న కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అత్త ఆ రాత్రి అన్నం దగ్గర మాట్లాడలేదు. అత్త మాట్లాడకపోవడం అదే మొదటిసారి. నాకు భయం వేసింది. పండగకి ఇంక మూడు వారాలు.

నాకో స్నేహితురాలు ఉండేది. గెడ్డ అవతలి ఊరి గుంట, నా ఈడుదే. బడికి వారానికి రెండు రోజులొచ్చేది, మిగతా రోజులు మేకల వెనక. వాళ్ళింట్లో అడ్డాకులో పెట్టిన సామన్నం, కందిపప్పు నాకు మా ఇంటి భోజనం కన్నా ఇష్టం. మా ఇంటి ఆవకాయ దానికి ఇష్టం. ఆకులో ముద్ద మడిచి తెచ్చి మార్చుకునేవాళ్ళం. పండగకి థింసా ఆడతారు కదా, నాకు నేర్పమన్నాను. చీర లేకుండా ఎలా ఆడతావంది.

చీరలకేం తక్కువ, మా ఇంట్లో ముప్పై ఉన్నాయి. అత్త నిద్రపోతున్న మధ్యాహ్నం మూట అడుగునుంచి ముదురెరుపుది ఒకటి లాగి గౌను కింద దాచుకుని పరిగెత్తాను. గెడ్డ ఒడ్డున ఇద్దరం దాన్ని చుట్టుకోవాలని చూశాం. అట్టముక్కలా ఉంది, ఒంటికి అంటుకోదు. లాగులాటలో నేను జారాను. నాతోపాటు చీరా గెడ్డలో పడింది. పట్టుకుని పైకి లాగేసరికి నీళ్ళలో పాలు ఒలికినట్టు గంజి పారుతోంది.

నేను ఏడుపు మొదలెట్టాను. ఆ గుంట వెళ్ళి వాళ్ళమ్మని తీసుకొచ్చింది.

ఆమె మమ్మల్నేమీ అనలేదు. చీర నీళ్ళలో ముంచి, రాయి మీద నాలుగు దెబ్బలు వేసి, మిగిలిన గంజి కూడా వదలగొట్టింది. పిండింది. ఆరేయడానికి అక్కడ ముళ్ళకంపలు తప్ప ఏమీ లేవు. తన చీర మీదే దాన్ని మోకాళ్ళ పైకి చుట్టి, కొస భుజం మీదికి తెచ్చి ముడివేసి, "పద, మీ అమ్మకి ఇచ్చేద్దాం. నడిస్తే ఆరిపోతాది" అంది. వాళ్ళు గుడ్డ అలాగే ఆరబెట్టుకుంటారు, ఒంటి మీదే.

ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. తన కొత్త చీర ఎవరి ఒంటి మీదుందో చూసింది. నా తడి గౌను చూసింది. అంతే, చీపురు అందుకుంది.

"ఒలే దొంగముండా! నా కొంపకి నువ్వే నిప్పెట్టినావే!"

"నాయ్, నాయ్" అని వాళ్ళ భాషలో వద్దంటూ ఆమె అడ్డొచ్చింది. "గుంటని కొట్టకు. గంజి పోయింది, గుడ్డ మంచిదయ్యింది. సూడు, ముడి నిలబడింది. నీ సంతలో గుడ్డకి ముడి నిలబడదు."

అత్త చీపురు పట్టుకునే చూసింది. నిజమే, భుజం మీద ముడి గోళీకాయలా బిగిసి ఉంది. కానీ ఇంకోటి కూడా చూసింది.

"మరి నా పువ్వులేవి?"

ఆమె భుజం మీది ముడి వేలితో తట్టింది. "ఇందులో ఉన్నాయ్. ముడిలోకి ఎల్లిపోనాయ్. నువ్వు మంచి పువ్వులు పెట్టినావు, ముడి పెట్టే కాడ పెట్టినావు. ఎలా కొంటాం?"

"కొంగు ఈపు మీదికి ఏలాడేసుకోవాల. ఇదిగో, ఇలగ, నాలాగ."

ఆమె అత్త చుట్టూ ఒకసారి తిరిగి వెనక కొంగు చూసింది. ముందుకొచ్చి అత్త ముఖం చూసింది. పకపకా నవ్వింది.

"నీ ఎనకున్నోడికి కనబడతాయ్. నీకు కనబడవు. మరి పువ్వులు ఎవులికోసం కట్టినావు?"

అత్త కొంగు ముందుకి లాక్కుని పూలవైపు చూసుకుంది.

ఆమె ఇంకా చెప్పింది. థింసాలో ఆడవాళ్ళు ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని ఆడతారు, వెనకున్న పూలు చేతుల కింద నలిగిపోతాయి, అందుకే వెనక ఏమీ అక్కర్లేదు.

"మరెక్కడుండాల?" అంది అత్త. గొంతులో కోపం లేదు. నేను కాఫీ కొమ్మకి దారం కట్టి చూసేదాన్ని చూడండి, అలాంటి ముఖంతో అడిగింది.

ఆమె అరచెయ్యి పొట్టమీంచి గుండెమీదుగా భుజం దాకా నెమ్మదిగా జరిపింది. "ఇక్కడ. కొస వట్టిదుండాల, ముడికి."

వెనకనుంచి అమ్మ గొంతు వినబడింది. వంటింటి గుమ్మంలో పిండి చేతులతో నిలబడి ఉంది.

"ఆలు మొదట్నించీ అదే సెప్తన్నారు వదినా. ముడులన్నీ పువ్వుల్లోనే ఉండీవి. నాను రోజూ ఇప్పుతున్నాను కదా."

"తెలిసీ సెప్పవేటే!"

"అడిగితే కదా."

అత్త చీపురు అమ్మ మీదికి విసిరింది. తర్వాత ఇద్దరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నాకు మాత్రం రెండు తగిలాయి, చీపురుతో కాదు, చేత్తో.

పూలు లోపలికి నేయించాలంటే నేతకి నెలలు పడతాయి. పండగ మూడు వారాల్లో ఉంది. మర్నాడు అమ్మ ఒక చీర వరండాలో పరిచి, మూరతో కొలిచి, రెండు చోట్ల బొగ్గుతో గుర్తులు పెట్టింది. చివరి మూరన్నర పూలకొంగు. దాని ముందున్న మూరన్నర వట్టి గుడ్డ. ఆ రెండు ముక్కలూ కత్తిరించి తారుమారు చేసి కుడితే పూలు లోపలికొస్తాయి, వట్టి గుడ్డ కొసకొస్తుంది. చెప్పడానికి తేలికే. కానీ కొత్త చీర కొంగు కత్తిరించడమంటే మావైపు అంతకు మించిన అశుభం లేదు. ముత్తైదువ ఆ పని చేస్తే మొగుడికి చేటంటారు.

అత్త చెయ్యి చాపింది. "కత్తెర నాకియ్యి. నాకింకేటి సేటు జరగాల?"

అమ్మ కత్తెర ఇవ్వలేదు. "నీకు తిన్నగా కొయ్యడం రాదు వదినా" అంది. మెడలో సూత్రాలు తీసి రవిక లోపలికి తోసేసుకుంది, వాటికి కనబడకూడదన్నట్టు. కళ్ళు మూసి తెరిచి, కోసింది. కొత్త గుడ్డ తెగే ఆ చప్పుడుకి అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాన్న ఆఫీసు నుంచి భోజనానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. తెగిన కొంగు చూశాడు. ఒక చేత్తో గుండెలు తడుముకున్నాడు. బతికే ఉన్నానని తెలిశాక, "అన్నం పెడతారా?" అన్నాడు.

కుట్టబోతే తెల్లదారం లేదు. లంగాలకే అయిపోయింది. తోటలో హద్దులకు పాతే జెండాల కోసం కుట్టగా మిగిలిన ఎర్రదారం రెండు ఉండలున్నాయి. అతుకు విడిపోకుండా అంచులు మడిచి పైనుంచి కుట్టాలి, అంటే కుట్టు కనబడుతుంది.

"ఎర్రగా కనబడిపోతాది" అంది అమ్మ.

"కనబడనీ. దొంగతనం సేత్తన్నామేటి?" అంది అత్త.

మొదటి చీరకి అమ్మ చెయ్యి కుదరలేదు. కుట్టు పాములా వంకర పోయింది. రెండోది నుంచి గీత గీసినట్టు వచ్చింది. పూలకి అటొకటి, ఇటొకటి, రెండు ఎర్ర గీతలు. పదిహేను రోజులు మా వరండాలో మిషను చక్రం ఆగలేదు. అత్త చీరలు గెడ్డకి మోసి గంజి వదలగొట్టేది. నేను తమ్ముణ్ణి ఎత్తుకుని కాఫీ పూల వాసనలో అటూ ఇటూ తిరిగేదాన్ని. నాకు అన్నీ అడగాలనిపించేది. గంజి తాగితే చేపలు బిరుసెక్కుతాయా? కొంగు లోపలికి పోతే దాన్ని ఇంకా కొంగే అంటారా?

ఈ రెండోదానికి అమ్మ జవాబిచ్చింది. "లోకొంగు" అంది, దారం పళ్ళతో కొరుకుతూ.

పండగ ముందు ఆఖరి సంత డుంబ్రిగుడలో. గెడ్డలో తడిసిన ముదురెరుపు చీరని కూడా అమ్మ మార్చి కుట్టి నా స్నేహితురాలి తల్లికే ఇచ్చింది. ఊరికే తీసుకోనని ఆమె ఒక కోడిపుంజూ, చేటెడు పసుపుకొమ్ములూ తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఆ చీర కట్టుకుని ఆమె మా గోనెపట్టా పక్కన నిలబడింది. కొనమని ఎవరికీ చెప్పలేదు. ఎవరినీ పిలవలేదు. చింతపిక్కలు నములుతూ నిలబడిందంతే. గుండెమీద పూలు, భుజం మీద ముడి.

ఆడవాళ్ళు వచ్చారు. ముడివేశారు. ముడి నిలబడింది. ఈసారి అత్త తనే ఎదురెళ్ళి, "ముడెయ్యండమ్మా! గట్టిగా ఎయ్యండి! లోకొంగు సీరలు, లోకొంగు!" అని అరిచింది. ఎండ నడినెత్తికి రాకముందే పట్టా మీద ఒక్క చీర మిగిలింది. మొదటిది, అమ్మ చెయ్యి కుదరనిది. వంకర కుట్టు చూసి ఎవరూ తీసుకోలేదు. పొద్దు వాలేదాకా కూర్చున్నాం. అత్త ముఖం మళ్ళీ కార్డు వచ్చిననాటి ముఖమైంది.

"ఒక్కటే కదా" అన్నాను.

"మూట కాళీ అవాలన్నాడు మీ నాన. ఒక్కటున్నా మూటే."

అమ్మ ఆ చీర తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. "ఇది నాది" అంది. "కాళీ అవాలన్నారు. ఎవులు కట్టుకోవాలో సెప్పనేదు కదా."

పండగ రోజున మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకడ్డంగా దుంగ వేసి వచ్చేపోయే బళ్ళని ఆపి చిల్లర వసూలు చేస్తారు. ఇవ్వనివాణ్ణి దింపి ఆడిస్తారు. అత్త బావగారు సరిగ్గా ఆ రోజునే జీపులో వచ్చాడు. పండగ అయిపోయిందనుకున్నాడట. కొండమీది పండగ ఒక్క పూటలో అయిపోతుందా? మా ఇంటికి చేరేసరికి తెల్లటి పంచె నిండా పసుపునీళ్ళు, కండువా మెడకి తాడులా మెలితిరిగి ఉంది. ఆడించారని అర్థమైంది. నేను నవ్వు ఆపుకోలేక మంచం కింద దూరాను. అక్కణ్ణుంచే విన్నాను మిగతాదంతా.

"ఏటమ్మా ఇది, ఇంటి కోడలు సంతలో కూకుంటే బాగుంటాదా? పద, ఇద్దరూ సర్దుకోవచ్చు."

"రోడ్డు మీద మిమ్మల్ని ఆపినోల్ల సీరలు సూసినారా బావగారూ?"

"సూసినాను. బాగున్నాయి. పువ్వులు ముందరికున్నాయి."

"అయ్యి నానూ నా మరదలూ సేసినవి. నాకు సర్దుకోడం రాదని మీ తమ్ముడంతన్నాడట. సూసినారు కదా. ఏది ఎక్కడుండాలో అక్కడికి సర్దినాం."

అప్పుడు నాన్న గొంతు, "మూట కాళీ అయిపోనాది బావగారూ. నాను మాటిచ్చీసినాను. అప్ప ఇక్కడే ఉంటాది" అంది.

ఆయన పనసకాయ కూరతో భోంచేసి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, మా ఇంట్లోదానికి అలాంటిదొకటి, అని నసిగాడు. అత్త లేవంది. అబద్ధం కాదు. ఉన్న ఒక్కటీ అమ్మ కట్టుకుని వడ్డిస్తోంది, వంకర కుట్టు గుండెమీద మెరుస్తుండగా.

మరుసటి ఏడాదికి అత్త కిందికెళ్ళి, పూలు లోపలే నేయమని స్నేహితురాలి మొగుణ్ణి ఒప్పించింది. ఇక అతుకు అక్కర్లేదు. ఆ చీరలు ముంచింగిపుట్టు సంతకి పట్టుకెళ్తే ఆడవాళ్ళు తిరగేసి చూసి, "గీత నేదు. ఇది మీది కాదు" అని వదిలేశారు. అత్త మళ్ళీ వెళ్ళింది. నేత మధ్యలో ఎర్రపోగులతో రెండు గీతలు వెయ్యమంది.

"నేతలో అతుకు నెయ్యమంతావేటమ్మా! మా తాత ఇంటే మళ్ళీ సస్తాడు" అన్నాడట ఆయన. అయినా నేశాడు. అప్పట్నుంచీ ఆ గీతలు అలాగే ఉన్నాయి.

తర్వాతి సంగతులు మామూలే. సంత పట్టా బడ్డీ కొట్టయింది, బడ్డీ కొట్టు తమ్ముడి చేతుల్లో దుకాణమై కొండ దిగింది. ఇప్పుడు చీరల అంగట్లో బొమ్మలకి కూడా లోకొంగు కడుతున్నారు. సంతల్లో మోకాళ్ళ దాకా చీర ముడివేసుకునేవాళ్ళు అరుదు. పర్యాటకుల కోసం ఆడే థింసాలో కనబడతారు, ఫొటో అయ్యాక నైటీ వేసుకుని ఇంటికి పోతారు. తప్పేముంది? గుడ్డ మారకుండా ఉండాలని మనమే అనుకుంటాం, కట్టుకునేవాళ్ళు కాదు. మా రేకుల క్వార్టరు స్థలంలో బొంగు చికెన్ అమ్ముతున్నారని విన్నాను. ఆ వరండా ఎక్కడుండేదో నేను కూడా చూపించలేను.

అత్త పోయింది. అంతకు ముందే అమ్మ పోయింది, ఎప్పట్లాగే ఎవరికీ చెప్పకుండా, నిద్రలో. బోర్డు మీద అత్త ఫొటో ఉంది. అమ్మ మాట లేదు. ఎవరూ అడిగి ఉండరు.

మరొకామె మాట కూడా లేదు. ఆ సంగతికి వచ్చేసరికి నా చెయ్యి మళ్ళీ ఆగింది. పేరూ ఊరూ లేకుండా వచ్చిన వార్తని నలభై ఏళ్ళు తిప్పి పంపించాను. "ఎవరు? పేరు కనుక్కోండి" అని కుర్ర విలేకరుల మీద అరిచాను. పువ్వులెక్కడుండాలో మాకు చెప్పినామెని మేము "ఆ గుంట తల్లి" అనే పిలిచాం. ఆమె వంటింట్లో సామన్నం తిన్నాను. కొమ్మకి దారం కట్టి పువ్వు గింజ అయ్యేదాకా చూసినదాన్ని, అన్నీ అడిగినదాన్ని, ఆమె పేరేమిటని అడగలేదు. నాన్నకి రాజమండ్రి బదిలీ అయి మేము కొండ దిగిననాడు ఆమె సంతలో ఉందేమో, నేను చూడలేదు.

మధ్యాహ్నం దాకా ఆలోచించి మేనకోడలికి దిద్దిన కాపీ పంపాను.

"ఈ చీరలో పూలు ఎక్కడుండాలో అరకు దగ్గర గెడ్డ అవతలి ఊరి మనిషి ఒకామె చెప్పింది. ఆమె పేరు మేము అడగలేదు. ఆ ప్రకారం కత్తిరించి కుట్టింది మా అమ్మ. సంతలో నిలబడి అమ్మింది మా అత్త. రెండు ఎర్ర గీతలు దేనికీ ప్రతీకలు కావు. ఆ రోజు ఇంట్లో తెల్లదారం లేదు."

వెంటనే ఫోన్ వచ్చింది.

"అత్తా, దిద్దమంటే ఇదేంటి! ఇది గోడ మీద పెడితే ఎవరైనా కొంటారా?"

"ఏమో" అన్నాను. 

"నిజంగా నానమ్మ కుట్టిందా? ఎర్రదారంతోనా?" అంది అది, గొంతు మార్చి.

"అవును."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే!"

నోటిదాకా వచ్చిన మాట మింగేసి, అడగనందుకు దాన్నేమీ అనకుండా, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.